ఇప్పపువ్వు నుంచి సర్పగంధి వేరు దాకా

మార్చి నెలాఖరు వచ్చిందంటే మానుకోట (మహబూబాబాద్) జిల్లాలోని గూడూరు, కొత్తగూడ, గంగారం అడవుల్లో కోడి కూయకముందే పని మొదలవుతుంది. ఇప్పచెట్టు రాత్రిపూట పూస్తుంది. తెల్లవారుజామున పూలు ఒకదాని వెంట ఒకటి రాలుతుంటాయి. ఎండ ఎక్కితే అవి మెత్తబడి పులుస్తాయి. ఆలస్యమైతే ఎలుగుబంట్లు, జింకలు, పశువులు తినేస్తాయి. అందుకే కోయ ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని, బుట్టలు చంకన పెట్టుకుని చీకటితోనే బయల్దేరతారు. చాలా గూడేల్లో ఏ చెట్టు ఏ ఇంటి వాటాయో తాతల నాడే తేలిపోయింది. ఒకరి చెట్టు కింద ఇంకొకరు ఏరరు.

రాలిన పువ్వును అరచేతిలో పెట్టుకుని నిదానంగా చూడండి. లేత పసుపు కలిసిన తెలుపు. ఉబ్బిన, కండగల రేకులు ఒకదానికొకటి అతుక్కుని చిన్న బుడ్డిలా కనిపిస్తాయి. నలిపితే వేళ్లకు జిగురంటుతుంది, ఒక రకమైన ఘాటు వాసన వస్తుంది. లోపలి గోడకు నూగుతో కేసరాలు అంటుకుని ఉంటాయి. ఆ బుడ్డికి పైనా కిందా రెండు వైపులా రంధ్రం ఉంటుంది. అసలు సంగతి ఆ కింది రంధ్రంలోనే ఉంది. గింజగా మారాల్సిన అండాశయం, దాని మీది పొడవాటి కీలం కొమ్మనే అంటిపెట్టుకుని ఉండిపోతాయి. రేకులు మాత్రం ఆ కీలం మీంచి జారి నేల మీద పడతాయి. రాత్రి గబ్బిలాలు ఈ తీపి కోసమే చెట్టుకు వస్తాయి. వాటి మూతికి అంటిన పుప్పొడి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చేరుతుంది. ఆ పని అయ్యాక రేకులతో చెట్టుకు అవసరం లేదు. కాబట్టి రాలిన ఇప్పపువ్వు ఎంత ఏరినా చెట్టుకు ఒక్క గింజ కూడా తగ్గదు.

అడవి నుంచి వచ్చే ప్రతి సరుకునూ ఈ కొలతతోనే చూడాలని నా గట్టి నమ్మకం. మొక్కలో ఏ భాగం తీసుకుంటున్నాం? తీసుకున్నాక ఆ మొక్క బతుకుతుందా? తిండి, మందు, రూపాయి అనే మూడు లెక్కలూ దీని తర్వాతే.

ఇదే జిల్లాలోని నెల్లికుదురు మాత్రం దట్టమైన అడవి మండలం కాదు. పత్తి, వరి, మిర్చి చేలు, చెరువులు, లంబాడీ తండాలు, మధ్య మధ్య గుట్టలు, వాటి మీద తంగేడు, మోదుగ. పెద్ద అడవి మానుకోటకు ఉత్తరాన, గూడూరు, కొత్తగూడల మీదుగా పాకాల, తాడ్వాయి, ఏటూరునాగారం దాకా పరుచుకుని, భూపాలపల్లి వైపు గోదావరి ఒడ్డుకు చేరుతుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఇదంతా వరంగల్ జిల్లా. ఈ అడవుల మొక్కలనూ, వాటి గురించి కోయలకూ లంబాడీలకూ తెలిసిన సంగతులనూ కాకతీయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్తలు, ముఖ్యంగా ఆచార్య వి.ఎస్. రాజు, ఆయన సహచరులు ఊరూరా తిరిగి నమోదు చేశారు.

మళ్లీ ఇప్ప దగ్గరికి వద్దాం. పూలను రెండు మూడు రోజులు ఎండబెడితే గోధుమరంగుకు తిరిగి, ఎండుద్రాక్షలా ముడుచుకుంటాయి. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే: గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సూక్రోజ్. ఇంత చక్కెర, కాస్త తేమ, గాలిలో ఎప్పుడూ ఉండే ఈస్టు కలిస్తే పులియడానికి ఇంకేమీ అక్కర్లేదు. మైదానం ఊళ్లవాళ్లకు ఇప్ప అనగానే సారా గుర్తుకురావడానికి కారణం ఇదే. కానీ అడవి ఇళ్లలో ఇది మొదట తిండి. కేసరాలు నలిపి చెరిగేసి, పువ్వును ఉడకబెట్టుకుంటారు, వేయించుకుంటారు, పిండిలో కలిపి దంచుకుంటారు. వానకాలం గింజలు నిండుకున్న రోజుల్లో ఎన్నో ఇళ్లను గాదెలో దాచిన ఈ పువ్వే ఆదుకుంది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతూ మంచి పేరు తెచ్చుకుంది. మానుకోట జిల్లాలోనూ ఆ పని జరగాలి. పువ్వు ఇక్కడ ఉంది, చేసే చేతులూ ఉన్నాయి.

పూలు అయిపోయాక జూన్, జూలైలలో కాయలు పండుతాయి. గింజలోని పప్పులో మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది. చలికాలంలో గడ్డకట్టే ఈ నూనెతో వంట చేసుకుంటారు, దీపం పెట్టుకుంటారు, కీళ్లనొప్పులకు రాసుకుంటారు. ఇక్కడే లెక్క కొంచెం మారుతుంది. ఇప్పగింజ ఎక్కువ కాలం నిలవ ఉండదు. రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. ఉన్న గింజలన్నీ ఏరేస్తే కొత్త మొక్క రాదు. దీనికి తోడు, పువ్వు బాగా కనబడాలని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఒకటుంది. ఆ మంట పెద్దచెట్టును ఏమీ చేయదు కానీ, కింద జానెడెత్తు లేచిన పిల్లమొక్కలను మాడ్చేస్తుంది. అందుకే చాలాచోట్ల తాతల వయసు చెట్లే కనబడతాయి తప్ప మనవల వయసువి కనబడవు. నిప్పు పెట్టే బదులు పాత చీరో, వలో పరిస్తే పూలు శుభ్రంగా దొరుకుతాయి, మట్టీ అంటదు, ధర కూడా బాగా పలుకుతుంది.

లేత తరం ఎందుకు కావాలో 2024 ఆగస్టు 31న చూశాం. ఆ రోజు తాడ్వాయి–మేడారం మధ్య పెనుగాలి 50 వేలకు పైగా చెట్లను వేళ్లతో సహా కూల్చేసింది. నేల లోతు తక్కువ, వానకు బురదగా నానింది, చెట్ల తలలు నిండా ఆకుతో బరువుగా ఉన్నాయి. ఆ రాత్రి కురిసిన వానకే ఇటు నెల్లికుదురు మండలం నీట మునిగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అలా ఖాళీ అయిన నేలను మళ్లీ నింపేది నర్సరీ మొక్క ఒక్కటే కాదు. మట్టిలో మిగిలిన గింజలు, తెగిన వేళ్ల నుంచి లేచే పిలకలు ఆ పని ఎక్కువగా చేస్తాయి, వాటికి నిప్పు తగలకుండా చూడగలిగితే.

ఆకు సంగతి పువ్వు అంత సులువు కాదు. ఆకు మొక్కకు వంటిల్లు, దాన్ని కోస్తే నష్టం ఉంటుంది. అయినా తునికాకు ఏటా కోస్తున్నాం, ఏటా వస్తోంది. ఎలా? ఫిబ్రవరి, మార్చిలలో తునికి పొదలను నేలమట్టంగా నరుకుతారు. వాన చుక్క లేని ఆ రోజుల్లో కూడా నెలన్నర తిరిగేసరికి కొత్త చిగుళ్లు లేస్తాయి. లోతుగా దిగిన వేళ్లలో దాచుకున్న పిండిపదార్థమే వాటికి పెట్టుబడి. అలా వచ్చిన ఆకు పెద్దగా, పలచగా, మెత్తగా ఉంటుంది. చుడితే చిరగదు, నెమ్మదిగా కాలుతుంది. బీడీకి కావలసింది అదే. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే ఆకు కోసి, మధ్యాహ్నం ఇంట్లో అందరూ కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట కట్టి, సాయంత్రం కల్లానికి చేరుస్తారు. కల్లంలో కట్టలను వరసలుగా పరిచి, తిరగేసి ఎండబెడతారు. వెయ్యి కట్టలు ఒక బస్తా. అంటే ఒక్క బస్తాలో 50 వేల ఆకులు, అన్నీ చేత్తో కోసి చేత్తో పేర్చినవే. నడుమ ఒక్క అకాలవర్షం పడిందా, ఆకు మచ్చలు తేలి అంతా వృథా.

1971 నాటి చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. అటవీశాఖ యూనిట్లవారీగా వేలం వేస్తుంది, కాంట్రాక్టరు కొంటాడు, కట్టకు ఇంత అని కూలి ఇస్తారు, నికరాదాయంలో మిగిలింది తర్వాత బోనస్‌గా పంచుతారు. చేలలో పని లేని మండువేసవిలో ఈ నెలన్నర ఆదాయంతోనే ఎంతోమంది వానకాలం విత్తనాలు కొంటారు. ఈ ఆకంతా చివరికి బీడీ అవుతుందన్నది నాకు బాధ కలిగించే సంగతి. పొగాకు ఊపిరితిత్తులను తినేస్తుంది, బీడీ చుట్టే ఆడవాళ్లు రోజంతా ఆ దుమ్మే పీలుస్తారు. తునికిని ఆకుగా తప్ప చూడటం మానేశాం కానీ దానికి పండు కూడా ఉంది. వేసవిలో పసుపుపచ్చగా పండే తునికిపండు తియ్యగా, కాస్త వగరుగా ఉంటుంది. చలిదేశాల్లో ఖరీదు పెట్టి కొనే పర్సిమన్ పండు ఈ ప్రజాతిదే. ఆకు కోసం పొదలను ఏటా నరికే చోట పండు కాయదు. నాలుగు చెట్లను ఎదగనిస్తే పిల్లలకు పండూ, అడవికి గింజా దక్కుతాయి.

మోదుగను నెల్లికుదురు గుట్టల మీద ఎవరైనా చూడొచ్చు. ఫిబ్రవరి, మార్చిలలో ఆకంతా రాల్చి నిప్పురంగులో పూస్తుంది. పూలను వేడినీళ్లలో నానబెడితే దిగే నారింజ రంగుతోనే హోలీ ఆడేవారు. కాస్త సున్నం వేస్తే ఆ రంగు ఇంకా చిక్కబడుతుంది. ఆకులు విస్తళ్లకు పనికొస్తాయి. చిక్కుడు కుటుంబపు చెట్టు కనుక వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ వైపు వెళితే నల్లమద్ది ఆకు పట్టుగా మారడం చూడొచ్చు. దసలి పురుగును ఇంట్లో తట్టల్లో పెంచరు. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను అడవిలో మద్దిచెట్ల మీదికే ఎక్కిస్తారు. పక్షులూ కందిరీగలూ తినకుండా రైతు పగలంతా కాపు కాస్తాడు. ఆకు తిని పురుగు గట్టి గూడు కడుతుంది, దాని దారంతోనే మహదేవపూర్ దసలి పట్టు నేస్తారు. మద్దిచెట్టు నిలబడి ఉన్నంత కాలమే ఆ మగ్గం ఆడుతుంది.

తొలకరి పడగానే సంతల్లో కనబడే బోడకాకర ధర అప్పుడప్పుడు కోడిమాంసంతో పోటీ పడుతుంది. అంత ధర ఎందుకంటే తీగ బతుకే అలాంటిది. బోడకాకరలో మగతీగ వేరు, ఆడతీగ వేరు. ఆడతీగ ఒక్కటే ఉంటే పూత రాలిపోతుంది, కాయ నిలవదు. పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, రాత్రి తిరిగే రెక్కల పురుగులే పుప్పొడి మోస్తాయి. వాన ఆగాక తీగ ఎండిపోయినా నేలలో దుంప బతికే ఉంటుంది, మరుసటి తొలకరికి మళ్లీ లేస్తుంది. ఈ మధ్య పెరట్లో నాటుకోవాలని ఆ దుంపలను తవ్వి అమ్ముతున్నారు. కాయ కోసుకుంటే తీగ పోదు, దుంప తవ్వితే పోతుంది. పెరట్లో పెంచాలనుకునేవాళ్లు గింజ నుంచో, తీగ ముక్క నుంచో పెంచాలి. పది ఆడతీగలకు ఒక మగతీగనైనా ఉంచుకోవాలి.

అడవి దాకా పోనక్కర్లేని అడవికూరలు కూడా ఉన్నాయి. తుమ్మికూర, గునుగు, దొగ్గలి, జొన్నచెంచలి, పొన్నగంటి. ఇవన్నీ ఎవరూ విత్తకుండా చేలలో, గట్ల మీద మొలిచేవే. వినాయక చవితినాడు తెలంగాణ ఇళ్లలో తుమ్మికూర వండటం ఆనవాయితీ. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులతో కలిసి ఇలాంటి కూరలను లెక్కకట్టింది, వాటికి పండుగలు చేసింది. ఇనుము, కాల్షియం, విటమిన్ ఎ అందించే కెరోటిన్ వీటిలో పుష్కలం. నెల్లికుదురులాంటి పత్తి మండలాల్లో ఇవి కనుమరుగు కావడానికి కారణం ఒక్కటే: గడ్డిమందు. కలుపు తీసే కూలి ఖర్చు తగ్గిందని అనుకుంటున్నాం. కానీ ఆ కలుపులోనే కూలి ఆడమనిషి కొంగులో పడే రాత్రి కూర ఉండేదని మరిచిపోతున్నాం.

ఇక మందుల సంగతి. మొక్క మన రోగం కోసం ఏ రసాయనాన్నీ తయారుచేయదు. తనను తినే పురుగు నుంచి, పశువు నుంచి, బూజు నుంచి కాపాడుకోవడానికి చేసుకుంటుంది. ఆ రసాయనం మన ఒంట్లో ఏదో ఒక చోట పట్టుకుంటే అది మందో, విషమో అవుతుంది. దీన్ని నాలుక మీదే పరీక్షించుకోవాలంటే పొడపత్రి చాలు. కంచెల మీద అల్లుకునే ఈ తీగ ఆకు ఒకటి బాగా నమిలి ఊసేసి, నోట్లో చిటికెడు చక్కెర వేసుకోండి. ఇసుక పలుకులు తగిలినట్టే ఉంటుంది, తీపి తెలియదు. ఉప్పు, పులుపు మాత్రం మామూలుగానే తెలుస్తాయి. ఆకులోని జిమ్నీమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలను పట్టుకుని మూసేస్తాయి. అరగంట దాటాక అవి వదలగానే తీపి తిరిగొస్తుంది. రక్తంలో చక్కెర తగ్గించడంలోనూ ఈ ఆకుకు కొంత గుణం ఉందని చిన్న అధ్యయనాలు చెప్పాయి. అంతమాత్రాన ఇన్సులిన్ మానేసి పొడపత్రి పొడి మింగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

చిల్లగింజ, ముష్టిగింజ ఒకే ప్రజాతికి చెందినవి. బురదనీళ్లు వచ్చిన రోజుల్లో కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి నీళ్లు పోసేవారు. కొంతసేపటికి మట్టి అడుగుకు చేరి నీళ్లు తేటపడేవి. సుశ్రుతుడికే ఈ పద్ధతి తెలుసు. గింజ నుంచి నీళ్లలోకి దిగే పొడవాటి అణువులు సన్నని మట్టిరేణువులను ఒకదానితో ఒకటి కలుపుతాయి, అవి బరువెక్కి దిగిపోతాయి. నేటి నీటిశుద్ధి కేంద్రాల్లో పటిక వేసినా కావలసింది మట్టి ఇలా ముద్దకట్టి దిగడమే. తేటపడిన నీళ్లను కాచుకునే తాగాలి, సూక్ష్మజీవులన్నీ మట్టితో పాటు పోవు. ముష్టిగింజ దీనికి పూర్తి విరుద్ధం. అందులోని స్ట్రిక్నిన్ కండరాలను అదుపులో ఉంచే నాడీ సంకేతాన్ని ఆపేస్తుంది, ఒళ్లంతా బిగుసుకుపోయి మనిషి ఊపిరాడక చనిపోతాడు. ఆయుర్వేదంలో దాన్ని శుద్ధి చేశాకే, అతి కొద్ది మోతాదులో వాడతారు. ఇంట్లో ప్రయత్నించే వస్తువు కాదు.

గుర్తుపట్టడం ఎంత ముఖ్యమో చెప్పడానికి కొడిసెపాల మంచి ఉదాహరణ. దీని బెరడులోని కోనెసిన్ అమీబా విరేచనాలకు పనిచేస్తుంది. కానీ అంగళ్లలో దీని బదులు అంకుడు బెరడు, గింజలు కలిసిపోతుంటాయి. రెండూ పాలుకారేవే, రెండూ తెల్లగా పూసేవే. అంకుడుకు జంటకాయలు చివరన అతుక్కుని వేలాడతాయి, కొడిసెపాలకు విడివిడిగా ఉంటాయి. చెట్టు ముందు నిలబడిన కోయ వైద్యుడు ఈ తేడాను కన్నెత్తి చూసి చెప్పేస్తాడు. పొడి డబ్బా కొనేవాళ్లకు ఆ అవకాశం లేదు.

బెరడుకు వచ్చేసరికి మొక్క చెల్లించే ధర పెరుగుతుంది. ఆకులు వండిన ఆహారం బెరడు కిందినుంచే వేళ్లకు దిగుతుంది. చుట్టూ వలిచేస్తే ఎంతటి మద్దిచెట్టైనా రెండు మూడేళ్లలో ఎండిపోతుంది. ఒక పక్కన నిలువు పట్టీగా తీస్తే మిగతా పక్క చెట్టును కాపాడుతుంది. తపసి బంక కథ కూడా ఇలాంటిదే. నీళ్లు తగలగానే ఎన్నో రెట్లు ఉబ్బే ఆ బంక కట్టుడుపళ్లు అంటించే పొడుల్లో, విరేచన మందుల్లో, ఆహార పరిశ్రమలో పనికొస్తుంది. గాయపడిన చెట్టు గాయాన్ని మూసుకోవడానికి కార్చే పదార్థం అది. ఎక్కువ బంక రావాలని గొడ్డలితో లోతుగా నరికితే చెట్టు పుచ్చి చచ్చిపోతుంది. 1990లలో విశాఖపట్నం కేంద్రంగా పనిచేసిన కోవెల్ ఫౌండేషన్, గిరిజన సహకార సంస్థతో కలిసి, చిన్న గాటు పెట్టి శుభ్రంగా బంక తీసే పద్ధతిని గిరిజనులకు నేర్పింది. చెట్టు నిలిచింది, బంక నాణ్యత కూడా పెరిగింది.

వేరుకు మాత్రం ఇలాంటి సర్దుబాటు తక్కువ. సర్పగంధి వేరు రక్తపోటు తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. ప్రపంచమంతా ఆ మందు కోసం ఎగబడింది, మన అడవుల్లో వేళ్లు తవ్వి తరలించారు. చివరికి అంతర్జాతీయ వాణిజ్యంపై అదుపు పెట్టాల్సిన జాబితాలో ఆ మొక్కను చేర్చాల్సి వచ్చింది. మన అడవుల్లోని పిల్లిపీచర, నేలతాడి లాంటి వాటికి ఆ గతి పట్టకూడదు. పిల్లిపీచరకు గుత్తిగా దుంపలుంటాయి. గింజలు రాలాక తవ్వి, మొదలుతో పాటు నాలుగు దుంపలు వదిలి మట్టి కప్పితే మళ్లీ లేస్తుంది. పాత వైద్యులు ఇలాగే చేసేవారు. కిలోకు ఇంత అని లెక్కగట్టే దళారికి ఆ ఓపిక ఉండదు.

అందువల్ల ధర సంగతి శాస్త్రానికి బయటిది కాదు. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది గిరిజనులను దళారుల నుంచి కాపాడటానికే. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభలదేనంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తునికాకు, వెదురు, మందుమొక్కలు, దుంపలు అన్నిటినీ పేరుపేరునా ఆ ఉత్పత్తుల జాబితాలో చేర్చింది. భూపాలపల్లి నుంచి గోదావరి దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లాలో మేండా–లేఖా గ్రామసభ 2011లో తన వెదురును తానే అమ్ముకునే హక్కు సాధించింది. ఆ తర్వాత ఆ జిల్లాలో ఎన్నో గ్రామసభలు తునికాకు వేలం తామే వేసుకుంటున్నాయి. నది ఇవతల మాత్రం ఆకు కోసేవాళ్లు ఇప్పటికీ కూలివాళ్లుగానే మిగిలారు. ఇది సరికాదు. వచ్చే ఏడాది కూడా ఆ చెట్టు తమదే అని నమ్మకం ఉన్నవాళ్లే నాలుగు దుంపలు వదిలిపెడతారు, నాలుగు గింజలు నేలకు విడుస్తారు.

నెల్లికుదురు, కేసముద్రం, గూడూరు చదువరులకు ఒక మనవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, ఆ ఊరి మొక్కలూ వాటి వాడకాలూ రాసిపెట్టే ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. అందులో మీ ఊరి గుట్ట మీది మొక్కలు లేకపోతే, తండాలోనో గూడెంలోనో వాటిని ఎరిగిన పెద్దమ్మను, తాతను పిలిపించి, వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే రాయించండి. బడిపిల్లలను పక్కన కూర్చోబెట్టండి. ఈ పని ఈ వేసవిలోనే జరగాలి.